త్రేన్పు రాని నూనె

కిందటి వారం టీచరమ్మను చేతులు చాచి నిలబెట్టి వచ్చేశాం. ఫిట్టర్ భార్య పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని, ఆవిడ జాకెట్టు భుజం సరిచూస్తోంది. అప్పుడే టీచరమ్మకు త్రేన్పు వచ్చింది. చిన్న త్రేన్పేం కాదు, గది నిండా చేపల వాసన కొట్టింది. ఆవిడ సిగ్గుతో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, జుట్టు కోసమని తనూ మందుల షాపులో చేపనూనె క్యాప్సూళ్లు కొన్నాననీ, మింగిన దగ్గర్నుంచీ పిల్లల ముందు నోరు తెరవాలంటే భయంగా ఉందనీ చెప్పింది. "నువ్వెలా భరిస్తున్నావు వదినా ఇన్నాళ్లుగా?" అని అడిగింది.

ఫిట్టర్ భార్య చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆమెకు ఒక్కసారి కూడా అలాంటి త్రేన్పు రాలేదు.

ఈ మాట ఆమెను ఎందుకంత కుదిపిందో తెలియాలంటే పాత సంగతి కొంచెం గుర్తు చేసుకోవాలి. ఫిట్టర్ క్యాప్సూళ్ల ఫ్యాక్టరీలో మిషన్లు బిగించే మనిషి. అక్కడ చేపనూనెను మెత్తటి తొడుగుల్లో నింపి మందుల షాపులకు పంపుతారు. భార్య ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది. ఆ మధ్య ఆమెకు నడినెత్తిన బొటనవేలి గోరంత మేర జుట్టు ఊడి, కింద చర్మం నున్నగా తేలింది. చర్మాల డాక్టరుకు చూపించారు. ఆయన చూసి, రక్తం ఇచ్చి రమ్మని ఆమెను వేరే గదికి పంపి, చెప్పవలసింది మొగుడికి చెప్పాడు. తల ఎవరిదైనా జబ్బు గురించి మొగుడితోనే మాట్లాడే డాక్టర్లు ఇంకా ఉన్నారు. ఫిట్టర్ బయటికి వచ్చి, "ఏం లేదట. కాస్త నీరసం. చేపనూనె వేసుకుంటే జుట్టూ చర్మమూ రెండూ బాగుపడతాయన్నాడు," అన్నాడు. ఆ వారంలోనే ఫ్యాక్టరీ నుంచి డబ్బా నిండా క్యాప్సూళ్లు తెచ్చి అలమరలో పెట్టాడు.

అప్పట్నుంచీ ఆమె అన్నం తినగానే రెండు వేసుకోవడం మానలేదు. గోరంత మచ్చ అరచేయంత అయింది. పక్కన ఇంకొకటి లేచింది. రెండూ కలిసిపోయాయి. ఆమె తలకు గుడ్డ కట్టుకోవడం మొదలుపెట్టింది. కొలతలకు వచ్చేవాళ్ల కోసం గోడకు పెట్టిన నిలువుటద్దానికి ముసుగు వేసింది. ఎవరైనా చూసుకుంటామంటే ముసుగు ఎత్తి, తను పక్కకు జరిగి నిలబడేది. ఇంత జరిగినా నూనె మీద నమ్మకం సడలలేదు. నూనె పుణ్యమా అని ఈ మాత్రమైనా మిగిలిందనేది. వీధిలో ఆడవాళ్లకు చెప్పేది. వాళ్ల మొగుళ్లూ ఆ ఫ్యాక్టరీలోనే పనివాళ్లు కాబట్టి వాళ్ల ఇళ్లకూ డబ్బాలు వచ్చాయి. వీధి వీధంతా ఆమెకు చేపనూనె వదిన అని పేరు పెట్టింది.

ఆమెకు ఉన్న ఒకే ఒక్క ఊరట కూతురి జుట్టు. దువ్వెన దిగనంత ఒత్తు. అదైనా ఉంది కదా అనుకునేది. కాకపోతే ఈ మధ్య ఆ పిల్ల తల్లిని ముట్టనివ్వడం లేదు. నీ చెయ్యి మొరటు, లాగేస్తావు అని తనే దువ్వుకుంటోంది. కాలేజీలో చేరిన పిల్ల కదా, వయసు అని తల్లి సరిపెట్టుకుంది.

ఇక ఈ వారం సంగతి.

త్రేన్పు రాలేదంటే టీచరమ్మ నమ్మలేదు. చేతిసంచిలోంచి సీసా తీసి, ఒక క్యాప్సూల్ బల్ల మీద పెట్టింది.

"ఇది వేసుకుని చూడు. నీ కడుపు గట్టిదో, నా సరుకు చెడ్డదో తేలిపోతుంది," అని నవ్వి, జాకెట్టు రేపటికి కావాలని చెప్పి వెళ్లిపోయింది.

ఫిట్టర్ భార్య తలుపు గడియ పెట్టింది. కత్తిరింపుల బుట్టలోంచి తెల్లగుడ్డ పీలిక ఒకటి తీసి బల్ల మీద పరిచింది. టీచరమ్మ ఇచ్చినదాన్ని గుండుసూదితో పొడిచి నొక్కింది. లేత పసుపు చుక్క గుడ్డలోకి ఇంకింది. వాసన కోసం వంగాల్సిన పని లేకపోయింది. తర్వాత అలమరలోంచి తన డబ్బా దించి, ఒకటి తీసి, అలాగే పొడిచి పక్కనే నొక్కింది. అదే రంగు, అదే జిడ్డు. వంగింది. ముక్కు ఆనించింది. నాలుక చివరతో తాకింది. వాసనా లేదు, రుచీ లేదు. కుట్టుమిషన్‌లో వేసే నూనెకైనా ఒక వాసన ఉంటుంది.

ఇంకొకటి పొడిచి వేలి మీద నొక్కుకుంది. మరొకటి పొడిచింది. అన్నీ ఒకటే.

ఇన్నాళ్లూ ఇది తెలియకపోవడమేమిటని మీరు అడగొచ్చు. ఆ ఇల్లు ఎప్పుడూ చేపల వాసనే వేస్తుంది. ఫిట్టర్ ఒంటికి పట్టి వస్తుంది అది. ఆయన చొక్కాల్లో, తువ్వాళ్లలో, దిండు గలీబుల్లో ఉంటుంది. రోజూ ఆ బట్టలు ఉతికే మనిషికి, ఆ వాసన తన నోట్లో మాత్రం లేదని తెలియడానికి పరాయి మనిషి త్రేన్పు కావలసివచ్చింది.

మొదట ఆమెకు మొగుడి మీద అనుమానం రాలేదు. ఎవరో ఆయన్ని మోసం చేశారనుకుంది. స్టోరులోవాళ్లు నాసిరకం సరుకు అంటగట్టి ఉంటారు, నోరులేని మనిషి, తెలిస్తే ఎంత నొచ్చుకుంటాడో అనుకుంది. ఆయన మీద జాలితో ఆ మధ్యాహ్నం రెండు చొక్కాలు కుట్టింది.

సాయంత్రం వాన పట్టింది. ఫిట్టర్ డ్యూటీ దిగి, తడిసిన చెప్పులు గుమ్మం దగ్గర విదిలించి లోపలికి వచ్చాడు. ఆమె తువ్వాలు అందించింది. టీ ఇచ్చింది. ఆయన గ్లాసు కింద పెట్టేదాకా ఆగి, గుడ్డ పీలిక తెచ్చి ముందు పరిచింది. ఇది టీచరమ్మ వేసుకునేది, ఇది మీరు తెచ్చేది, సరుకు పాడయినట్టుంది, మీకిచ్చినవాళ్లను గట్టిగా అడగండి అంది.

ఫిట్టర్ రెండు మరకల వంకా చూశాడు. వంగి వాసన చూడలేదు. అక్కడే దొరికిపోయాడు.

"వాసన చూడరేం?"

"ఎందుకులే."

"చూడకుండానే తెలుసా మీకు?"

ఆమె కుట్టుమిషన్ ముందున్న ముక్కాలిపీట లాక్కుని ఆయనకు ఎదురుగా కూర్చుంది. కొలత తప్పిన చొక్కాను చూసినట్టు చూసింది. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. అంత సేపు మాట్లాడింది ఆయన జీవితంలో లేదు. పని గురించి కాబట్టి మాటలు దొరికాయి.

మిషన్ మీద రెండు రోలర్లుంటాయి. రెండు వైపుల నుంచీ మెత్తటి పొరలు వచ్చి వాటి మధ్య కలుసుకుంటాయి. ఆ రెంటి నడుమ నూనె చుక్క పడుతుంది. పొరలు అతుక్కుని, క్యాప్సూల్ తెగి కింద పడుతుంది. పొద్దున్నే మిషన్ ఎక్కించగానే అతుకు సరిగ్గా కుదరదు. కారతాయి, వంకర పోతాయి, రెండు మూడు అంటుకుపోతాయి. అతుకు కుదిరేదాకా ఖరీదైన చేపనూనె పోసి ఎవరూ పాడు చేసుకోరు. మామూలు వంటనూనె పోసి తిప్పుతారు. ఫిట్టర్ రోలర్ బిగించి, వదులు చేసి, మళ్లీ బిగించి, సరే అన్నాక అసలు నూనె గొట్టం తెరుస్తారు. అంతకుముందు పడ్డవన్నీ పారేసే డ్రమ్ములోకి పోతాయి. గేటు దగ్గర మంచి సరుకు ఒక్కటి దొరికినా ఉద్యోగం పోతుంది. డ్రమ్ములోవి పిడికెడు తీసుకెళ్తే ఎవరూ ఏమీ అనరు.

"అందరూ అవే తెస్తారా?"

"అవే."

"వీధిలో మగాళ్లందరికీ తెలుసా?"

"మిషన్ల దగ్గర పనిచేసేవాళ్లకు తెలుసు."

"మిషన్ల దగ్గర పనిచేయనివాడు ఈ వీధిలో ఎవడున్నాడు?"

ఫిట్టర్ తడి జుట్టును తువ్వాలుతో మళ్లీ తుడుచుకున్నాడు.

"నవ్వుకునేవాళ్లా?"

అబద్ధం చెప్పడానికి ఆయనకు ఓపిక చాలినట్టు లేదు. "మొదట్లో," అన్నాడు.

ఆమె కళ్ల ముందు వీధంతా కదిలింది. ఎదురింటి ముసలమ్మ చేపనూనె మొదలుపెట్టాక బుగ్గలు నిగనిగలాడుతున్నాయని తనే అంది. ముసలమ్మ మురిసిపోయి, పళ్లు లేని నోటితో, ఇక నాకు సంబంధాలు చూడమ్మా అంది. మొటిమల పిల్లకు రోజుకు రెండు తక్కువ కాకుండా వేసుకోమని చెప్పింది తనే. వాళ్ల ఇళ్లలో మగాళ్లు అన్నం తింటూ, పెళ్లాలు వంటనూనె మింగుతుంటే చూస్తూ కూర్చున్నారన్నమాట. ఆమెకు తల కొట్టేసినట్టయింది. కొట్టేయడానికి ఇంకా ఏమైనా మిగిలి ఉంటే.

"హాని లేదు," అన్నాడు ఫిట్టర్. "కూరలో పోసే నూనే. హాని లేనిదే తెచ్చాను."

"మందుల షాపులో మంచివి కొనొచ్చుగా?"

"కొన్నా ఒకటే."

మాట జారిందని ఆయనకు అప్పుడే తెలిసింది. గ్లాసు ఎత్తి ఖాళీగా ఉందని చూసుకుని మళ్లీ పెట్టాడు. బయట వాన చూరు మీద ఒకటే మోత.

"ఏమిటి ఒకటే?" అని అడిగింది ఆమె. గొంతు పెంచలేదు. "అసలు ఆ డాక్టరు చేపనూనె వేసుకోమన్నాడా?"

"లేదు."

"మరి ఏమన్నాడు?"

ఇక్కడ ఫిట్టర్ ఆమె వంక చూడలేదు. ముసుగు వేసిన అద్దం వంక చూస్తూ చెప్పాడు. ఇది నీరసం కాదన్నాడట డాక్టరు. జుట్టు ఊడిన చోట కుదుళ్లు చచ్చి, పైన చర్మం మూసుకుపోయిందట. అక్కడ మళ్లీ మొలవదట. ఏ నూనె పూసినా, ఏది మింగినా మొలవదట.

ఆమె గుడ్డ పీలికను మడత పెట్టింది. మళ్లీ విప్పింది. మొలవదన్న మాట ఆమెకు ఏదో మూల ఎప్పటినుంచో తెలుసు. రోజూ వేళ్లతో తడుముకునే మనిషికి తెలియదా? అది కాదు ఆమెను పట్టుకున్నది.

"ఊడిన చోట మొలవదన్నాడు. ఊడని చోట?"

ఫిట్టర్ మెడ వంచాడు.

"ఊడని చోట సంగతి ఏమన్నాడు? అప్పటికి ఇంతే కదా ఊడింది," అని బొటనవేలి గోరు చూపించింది.

"మందులు వెంటనే మొదలుపెడితే మిగతాది నిలబెట్టొచ్చన్నాడు. చాలావరకు."

ఇంత నిజం ఆ ఇంట్లో అంతకుముందెప్పుడూ ఎవరూ చెప్పలేదు. చెప్పిన మనిషికి దానివల్ల ఒరిగిందేమీ లేదు. కొంచెం ఆలస్యంగానైనా చెప్పాడు కదా అని ఎవరైనా అనొచ్చు. నేను అనను.

ఎందుకు చెప్పలేదని ఆమె అడగకుండానే ఆయన చెప్పుకొచ్చాడు. ఆ రోజు రక్తం ఇచ్చి, మోచేతి దగ్గర దూది అదిమిపట్టుకుని, వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నావు. నేను బయటికి రాగానే ఇంకేమీ అడగలేదు, మళ్లీ వస్తుందా అని మాత్రం అడిగావు. రాదు అనలేకపోయాను. మందుల సంగతి చెప్పాలంటే ముందు అది చెప్పాలి. ఒక వారం పోయాక చెబుదామనుకున్నాను. వారం పోయేసరికి నువ్వు డబ్బా పట్టుకుని వీధంతా తిరుగుతున్నావు. ముఖం వెలిగిపోతోంది. నోరు రాలేదు.

"నేను సంతోషంగా ఉన్నానని నిజం దాచారా?"

"అవును."

"ఈ మచ్చ పెరుగుతుంటే చూశారుగా. అప్పుడూ సంతోషంగానే ఉన్నానా?"

"అప్పటికి ఆలస్యమైపోయింది అనుకున్నాను."

"ఎప్పటికి?"

మచ్చ పెరిగిన ప్రతి నెలా ఆయన అదే అనుకున్నాడు. ఆ నెల ఇంకా ఆలస్యం కాలేదని తర్వాతి నెలలో తెలిసేది.

ఆమె లేచింది. తల గుడ్డ ముడి విప్పింది. ఫిట్టర్ చూసి చాలా కాలమైంది. ఇంట్లో కూడా ఆమె గుడ్డ తియ్యదు, పడుకునేటప్పుడు దీపం ఆర్పాకే తీస్తుంది. మాడు మొత్తం బోసిగా, తడి పింగాణీలా మెరుస్తోంది. చెవుల చుట్టూ, మెడ మీద నాలుగు పలచని పాయలు మిగిలాయి. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని, నూనె మరకలున్న ఆ వేళ్లను తన నడినెత్తి మీద పెట్టింది.

"మీ రోలర్ ఇంత నున్నగా ఉంటుందా?" అని అడిగింది.

ఫిట్టర్ చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు.

"రేపు డాక్టరు దగ్గరికి వెళ్తే?"

"వెళ్దాం."

"వెళ్తే ఏమవుతుందని అడుగుతున్నాను."

"ఇప్పుడు ఆయన కాపాడటానికి మాత్రం ఏముంది?" అన్నాడు ఫిట్టర్. క్రూరంగా అనలేదు. మిషన్ అరిగిపోయిందని సూపర్‌వైజర్‌కు చెప్పే గొంతుతో అన్నాడు. నిజం చెప్పడం ఇప్పుడే నేర్చుకున్న మనిషికి ఎక్కడ ఆపాలో తెలియదు.

ఆమె ఆయన చెయ్యి వదిలేసింది. ఏడవలేదు. ఇన్నాళ్లూ పక్కన పడుకుని, అన్నీ తెలిసి, పొద్దున్నే డబ్బా నిండిందో లేదో చూసుకుని వెళ్లిన మనిషితో ఇక మాట్లాడాల్సిందేమీ ఆమెకు తోచలేదు. ఒక్క మాట మాత్రం అంది.

"నా తల నాది. రాదు అన్న మాట కూడా నాదే. దాన్ని మీరు దాచుకున్నారు. దీనికి మీకు క్షమాపణ లేదు. ఈ జన్మకు అడగకండి."

ఫిట్టర్ లేచి వెళ్లి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి వెళ్లలేదు, బయటికి రాలేదు.

అప్పుడు తలుపు చప్పుడైంది. కూతురు. తల్లి గబగబా గుడ్డ కట్టుకుని గడియ తీసింది. పిల్ల వానలో తడిసి ముద్దయి ఉంది. పుస్తకాల సంచి ఒక మూల, చెప్పులు ఒక మూల పారేసి, చలికి పళ్లు కొట్టుకుంటూ ముక్కాలిపీట మీద కూలబడింది. గొడుగు ఏదే అని తల్లి అడిగితే, ఉన్నది నీ దగ్గరేగా అంది. ఇంట్లో ఏదో జరిగిందని ఆ పిల్లకు తెలియలేదు. ఆ ఇంట్లో ఏమీ జరగనప్పుడు కూడా ఇలాగే ఉంటుంది.

తల్లి తువ్వాలు తెచ్చి తల తుడవబోయింది. రోజూలాగే పిల్ల తల పక్కకు తప్పిస్తుందనుకుంది. చలి వల్లో, అలసట వల్లో ఈ రోజు తప్పించలేదు. ఆమె జడ విప్పింది. నీళ్లు పిండింది. ఆ బరువు చేతుల్లోకి రాగానే ఆమెకు ప్రాణం కుదుటపడింది. మొగుడు లేడు, నూనె లేదు, వీధి లేదు. ఇది ఉంది. వేళ్లతో చిక్కులు తీస్తూ, పాయలు విడదీస్తూ పైకి వెళ్లింది.

ఎడమ చెవి పైన ఆమె వేలు జారింది.

కళ్లతో చూడక్కర్లేకపోయింది. ఆ నునుపు ఆమె వేళ్లకు బాగా తెలుసు. రోజూ తన నెత్తిన తడుముకునేదే. పాయ పక్కకు తీసి చూసింది. బొటనవేలి గోరంత. చుట్టూ చర్మం కందిపోయి ఉంది.

"అబ్బ, అక్కడ మెల్లగా," అంది కూతురు. "అక్కడే మంట. దువ్వెన తగిలితే ప్రాణం పోతోంది. ఏంటమ్మా అది?"

అయితే తల్లి చెయ్యి మొరటు అవడం వల్ల కాదు ఆ పిల్ల ముట్టనివ్వనిది.

ఆమె తల ఎత్తింది. గుమ్మంలో ఫిట్టర్ చూస్తున్నాడు. ఆయనకూ అర్థమైంది. ఇంకా ఇంతే ఉంది. ఇంకా సమయం ఉంది. ఒక్క మాట చాలు. ఇది జబ్బు, ఇక్కడ ఇక మొలవదు, రేపే డాక్టరు దగ్గరికి వెళ్దాం అనాలి. ఇప్పుడే, ఇదే గదిలో, ఈ మాట దాచినందుకే మొగుణ్ణి నిలువునా చీల్చిన మనిషి ఆమె.

పిల్ల తల వెనక్కి వాల్చి, కింది నుంచి తల్లి ముఖంలోకి చూసింది. నవ్వబోయి, ఆ ముఖం చూసి ఆగింది. తల్లి తలగుడ్డ వంక ఒక్క క్షణం చూసింది.

"అమ్మా, నాకూ నీలాగే..."

"ఏం లేదు," అంది తల్లి. "కాస్త నీరసం."

మాట బయటికి వచ్చాక గాని అది ఎవరి మాటో ఆమెకు తెలియలేదు.

పిల్ల ఊపిరి వదిలింది. భుజాలు సడలాయి. "అంతేనా, హడలిపోయాను," అని తేలిగ్గా చెయ్యి చాచింది. "అయితే నాకూ నీవి రెండు ఇవ్వు. ఈ రోజు నుంచి నేనూ వేసుకుంటాను."

ఫిట్టర్ గుమ్మం దాటి వచ్చాడు. బల్ల మీద ఉన్న డబ్బా అందుకుని, మూత తీసి, రెండు మరకలున్న గుడ్డ పీలిక మీద, భార్య ముందు పెట్టాడు.

"నీ చేత్తో నువ్వే ఇవ్వు," అన్నాడు.

కూతురి అరచెయ్యి ఇంకా చాచే ఉంది.